వీ-ట్విన్ బైక్ కొంటున్నారా? ముందు వెనక సిలిండర్ సంగతి అడగండి

ఈ సైట్ చదివేవాళ్లకి థర్మల్ థ్రాట్లింగ్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. అరగంట గేమ్ ఆడితే ఫ్రేమ్ రేట్ ఎందుకు పడిపోతుందో, మే నెల ఎండలో మ్యాప్స్ పెట్టుకుని పోతుంటే స్క్రీన్ ఎందుకు మసకబారుతుందో మనకి తెలుసు. చిప్ ఎంత స్పీడన్నది తర్వాత, ముందు ఆ వేడి బయటికి పోయే దారి ఉందా అని ఫోన్ల విషయంలో అందరం అడగడం నేర్చుకున్నాం. వేపర్ చాంబర్ సైజు చూసి ఫోన్ కొనేవాళ్లు కూడా నా ఫ్రెండ్స్‌లో ఉన్నారు. అదే మనుషులు మూడు లక్షలు పెట్టి సెకండ్ హ్యాండ్ వీ-ట్విన్ బైక్ కొనేటప్పుడు మాత్రం రెండే ప్రశ్నలు. సీసీ ఎంత? సౌండ్ ఎట్లుంటుంది?

మాది ఎమ్మిగనూరు. ఉద్యోగం బెంగళూరులో, నెలలో పది రోజులు ఇంటి నుంచే పని. మా వైపు, అంటే ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం ప్రాంతంలో, పెద్ద బండి మీద ఊరికి రావడం ఈ మధ్య ఒక ముచ్చట అయింది. కొత్త బండి రేటు అందదు కాబట్టి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఎవరో వాడి వదిలేసిన వీ-ట్విన్ తెచ్చుకుంటారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మా వేడికి వీ-ట్విన్ అసలు పనికిరాదని నేను అనను. కానీ దాని స్పెక్ షీట్‌లో ఉన్న ఏ నంబరూ ఏప్రిల్ మధ్యాహ్నం ఆదోని ట్రాఫిక్‌లో మిమ్మల్ని కాపాడదు. అక్కడ బండిని బతికించేది రేడియేటర్ శుభ్రం, సరైన కూలెంట్, టైమ్‌కి ఆయిల్, వాల్వుల మీద ఓనర్ శ్రద్ధ. ఆ శ్రద్ధకి టైమూ డబ్బూ లేనివాళ్లు వేరే బండి చూసుకోవడమే మంచిది.

వెనకోడికి మిగిలేది వేడి గాలే

ఒకే క్రాంక్ మీద రెండు సిలిండర్లు ఇంగ్లిష్ అక్షరం 'వీ' ఆకారంలో నిలబడితే అది వీ-ట్విన్. హార్లే డేవిడ్‌సన్ తన మొదటి వీ-ట్విన్‌ని 1909లో తెచ్చింది. ఆ 45 డిగ్రీల కోణం వాళ్ల పెద్ద క్రూజర్లలో ఇప్పటికీ అట్లే ఉంది. హర్యానాలోని బావల్‌లో తయారైన స్ట్రీట్ 750లో ఆ కోణం 60 డిగ్రీలు. సుజుకి వీ-స్ట్రామ్ 650లో, డుకాటీ రెండు సిలిండర్ల ఇంజన్లలో 90. ఈ అమరిక వల్ల లాభాలున్నాయి, లేకపోతే వందేళ్లకు పైగా ఎందుకు బతుకుతుంది? రెండు సిలిండర్లు ఉన్నా ఇంజన్ ఒక సిలిండర్ బండి అంత సన్నగా ఉంటుంది, కింది ఆర్‌పీఎంలోనే లాగుతుంది. సౌండ్ గురించి నేను చెప్పేదేముంది. 45 డిగ్రీల హార్లేలో రెండు పేలుళ్ల మధ్య దూరం సమానంగా ఉండదు, ఒకటి 315 డిగ్రీలకి, ఇంకోటి 405కి. ఆ కుంటి నడకే జనాన్ని పిచ్చోళ్లని చేసింది.

తిప్పలు కూడా ఆ అమరికలోంచే వస్తాయి. సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి, గాలి మాత్రం ముందు నుంచి వస్తుంది. పల్లెవెలుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నోడికి గాలి, వాడి పక్కన ఇరుక్కున్నోడికి వాడి చెమట. వెనక సిలిండర్ పరిస్థితి అంతే. ముందు సిలిండర్‌ని తాకి వేడెక్కిన గాలే దానికి అందేది, అదీ తక్కువగా. పైన పెట్రోల్ ట్యాంకు, వెనక సీటు, పక్కన మీ తొడ. దాని ఎగ్జాస్ట్ పైపు కూడా సాధారణంగా మీ కాలి పక్క నుంచే పోతుంది. మోటో గుజ్జి వాళ్లు ఇంజన్‌ని అడ్డంగా తిప్పి, రెండు సిలిండర్లూ చెరో పక్కకి గాల్లోకి పొడుచుకొచ్చేట్టు పెట్టారు. చూడ్డానికి వింతగా ఉన్నా, వేడి సంగతిలో అంత నిజాయితీ ఉన్న డిజైన్ ఇంకోటి లేదని నా ఉద్దేశం.

కంపెనీలకి ఇది తెలియని విషయమేం కాదు. కొన్ని హార్లే టూరింగ్ బండ్లలో ఇంజన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో ఉంటే వెనక సిలిండర్‌లో మంట ఆగిపోయే ఏర్పాటు ఉంది. అమెరికాలోని ఇండియన్ మోటార్‌సైకిల్ వాళ్ల పెద్ద వీ-ట్విన్‌లలో కూడా బండి నిలబడి ఉన్నప్పుడు వెనక సిలిండర్ నిద్రపోతుంది. మన భాషలో చెప్పాలంటే అది పక్కా థ్రాట్లింగ్, ఫోన్ తన పెద్ద కోర్లని ఆపేసినట్టు. మనవాళ్లు మూడు లక్షలకి తెచ్చుకునే పాత బండ్లలో ఈ తెలివి ఉంటుందని ఆశ పెట్టుకోకండి. అక్కడ థ్రాట్లింగ్ చేయాల్సింది ఓనరే, కీ తిప్పి.

13 డిగ్రీలు చేసే పని

"లిక్విడ్ కూల్డ్ కదా, ఇంకేం భయం" అంటారు. నేను చదివింది సీఎస్ఈ, థర్మోడైనమిక్స్ నా సబ్జెక్ట్ కాదు. కానీ ఈ లెక్కకి టెన్త్ క్లాస్ చాలు. పెట్రోల్‌లో ఉన్న శక్తిలో చక్రం దాకా చేరేది మూడో వంతు లోపే. మిగతాదంతా వేడి. అందులో కొంత సైలెన్సర్ నుంచి పోతుంది, మిగిలింది ఇంజన్ ఒంట్లోంచి బయటికి తీయాలి. రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది కూలెంట్‌కీ బయటి గాలికీ ఉన్న తేడా మీద ఆధారపడుతుంది. కూలెంట్ 100 డిగ్రీల దగ్గర ఉందనుకోండి. బెంగళూరులో 30 డిగ్రీల రోజున తేడా 70. ఆదోనిలో 43 డిగ్రీల రోజున తేడా 57. అదే రేడియేటర్, అదే ఫ్యాన్, కానీ సామర్థ్యం దాదాపు ఐదో వంతు పోయింది. అది కూడా నీడలో కొలిచిన 43. ఎండలో తారు రోడ్డు 60 దాటుతుంది, మీ రేడియేటర్ పీల్చేది ఆ రోడ్డు మీది గాలినే.

తమాషా ఏంటంటే, ఈ లెక్కలో ఎయిర్ కూల్డ్ ఇంజన్ అంతగా నష్టపోదు. దాని ఫిన్స్ 180 డిగ్రీల దగ్గర ఉంటే తేడా 150 నుంచి 137కి తగ్గుతుంది, అంటే పదో వంతు కూడా కాదు. దాని శత్రువు ఎండ కంటే నిలబడటం. కదలకపోతే గాలి లేదు, ఫ్యాన్ లేదు, ఇంకేం లేదు. లిక్విడ్ కూల్డ్‌కి కనీసం ఫ్యాన్ ఉంటుంది, అది పనిచేస్తే.

మన దగ్గర రెండూ కలిసే వస్తాయి. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి 167వ నంబర్ హైవే మీద దాదాపు ముప్పై కిలోమీటర్లు. పొద్దున 80లో పోతే ఏ వీ-ట్విన్ అయినా హాయిగా ఉంటుంది, గేజ్ కదలదు. ఊళ్లోకి రాగానే కథ మారుతుంది. సీజన్‌లో అయితే పత్తి లోడ్ ట్రాక్టర్లు, లారీలు, మధ్యలో ఎద్దుల బండి, భీమాస్ సర్కిల్ దాకా ఫస్ట్ గేర్, క్లచ్, ఫస్ట్ గేర్, క్లచ్. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరప్పుడు సోమప్ప సర్కిల్ చుట్టూ కూడా ఇదే. వేగం పది కూడా ఉండదు, ఇంజన్ మాత్రం మంట ఆపదు.

ఆయిల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయిల్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు చెప్పే ఒక మోటు లెక్క ఉంది. మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు మామూలు వాడకానికి. అదే మాన్యువల్‌లో దుమ్ము, ఎండ, ట్రాఫిక్ ఉన్నచోట త్వరగా మార్చమని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనం ఆ చిన్న అక్షరాల్లో బతుకుతున్నాం.

ఏ రివ్యూలోనూ ఉండని సమస్య: దూది

ఆదోని పత్తి మార్కెట్ రాష్ట్రంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. దసరా దాటిన దగ్గర నుంచి చలికాలం అంతా జిన్నింగ్ మిల్లులు నడుస్తాయి, లూజు పత్తితో బండ్లు రోడ్డు మీద వరస కడతాయి. ఆ రోజుల్లో హైవే పక్కన తుమ్మచెట్లు చూడండి, ముళ్లకి తెల్లగా పత్తి పట్టుకుని ఉంటుంది. చెట్లకి పట్టుకున్నది మీ రేడియేటర్‌కి పట్టుకోదా?

మా పెదనాన్న కొడుకు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, హైదరాబాద్ నుంచి ఒక లిక్విడ్ కూల్డ్ వీ-ట్విన్ తెచ్చుకున్నాడు. ఏ కంపెనీదో రాయను, ఎందుకంటే ఈ కథలో తప్పు కంపెనీది కాదు. వానాకాలంలో కొన్నాడు, మూడు నెలలు బండి బ్రహ్మాండంగా నడిచింది. నవంబర్ చివర్లో ఒకరోజు మార్కెట్ యార్డ్ దాటకముందే టెంపరేచర్ లైటు వెలిగింది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కూలెంట్ నిండుగానే ఉంది. అన్న తొడ మాత్రం జీన్స్ లోపల కందిపోయింది.

బండిని షెడ్డుకి తోసుకుపోతే మెకానిక్ ముందు చక్రం దగ్గర గొంతుకు కూర్చుని టార్చ్ వేసినాడు. రేడియేటర్ జాలీ ముందర భాగం నిండా బూడిద రంగు పొర, ఉన్ని కంబళి మాదిరి. దూది నూగు వచ్చి జాలీ సందుల్లో కూర్చుంది, దాని మీద దుమ్ము, దాని మీద చైన్ ఆయిల్ తుంపర్లు, మళ్లీ నూగు. గోరుతో గీకితే పొరలు పొరలుగా లేచొచ్చింది.

"ఏమన్నా, బండికి స్వెట్టర్ వేసినావే" అన్నాడు.

నవ్వొచ్చినా మాట కరెక్టే. దుమ్ము ఒక్కటే అయితే జాలీ సందుల్లోంచి చాలావరకు దాటిపోతుంది. నూగు దాటదు, వల అల్లుతుంది, ఆ వలలో మిగతాదంతా చిక్కుకుంటుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి లోపలికి రాదు. ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో అది కూడా అంతే. ఎయిర్ ఫిల్టర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. వానాకాలంలో అయితే దూది బదులు నల్లరేగడి. ఎయిర్ కూల్డ్ వీ-ట్విన్‌లో రెండు సిలిండర్ల మధ్య సందులోకి ఆ బురద చిమ్మి, ఇంజన్ వేడికి ఇటుకలా కాలిపోతుంది. ఫిన్స్ మధ్య ఇటుక ఉంటే వేడి ఎట్ల పోతుంది? పైగా ఆ సందు బయటికి కనిపించదు, వేలు పట్టదు.

కడగడంలో కూడా కిటుకుంది. వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో ప్రెషర్ గన్ పట్టుకున్న పిల్లోడికి మీ రేడియేటరూ ఒకటే, ట్రాక్టర్ టైరూ ఒకటే. దగ్గర నుంచి కొడితే పల్చటి అల్యూమినియం ఫిన్స్ వంగి మూసుకుపోతాయి, దూది కంటే పెద్ద నష్టం. బండి పూర్తిగా చల్లారాక, మామూలు పైపుతో, ఇంజన్ వైపు నుంచి ముందుకి నీళ్లు పట్టాలి, అంటే చెత్త వచ్చిన దారినే వెనక్కి పోవాలి. తర్వాత మెత్తటి బ్రష్. సీజన్‌లో వారానికోసారి, పావుగంట పని. మా అన్న ఇప్పుడు రేడియేటర్ ముందు స్టీల్ జాలీ గార్డ్ ఒకటి బిగించుకున్నాడు. నూగు దాని మీదే ఆగుతుంది, సాయంత్రం చేత్తో తుడిచేస్తాడు. గార్డ్ వల్ల గాలి కొంచెం తగ్గుతుంది, నిజమే. కంబళి కంటే నయం.

అదేరోజు ఇంకో సంగతి బయటపడింది. రేడియేటర్ మూత తీస్తే అంచు చుట్టూ తెల్లటి గట్టి పొర. పాత ఓనర్ ఎవరో కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోసినాడు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు ఎట్లుంటుందో ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. అదే తెల్ల పొర రేడియేటర్ గొట్టాల లోపల కడుతుంది. పైగా ఉత్త నీళ్లలో కూలెంట్ చేసే మిగతా పని ఉండదు. నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగానే 100 దాటాక గానీ మరగదు, ప్రెషర్ మూత బిగిస్తే ఇంకో ఇరవై డిగ్రీల దాకా ఆగుతుంది. తుప్పు పట్టకుండా మందు కూడా అందులోనే ఉంటుంది. బోరు నీళ్లతో ఇవన్నీ పోతాయి, మిగిలేది సున్నం. దారిలో తప్పనిసరై నీళ్లు పోయాల్సొస్తే బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ ఆటో స్పేర్స్ షాపులోనైనా దొరుకుతుంది.

జాగా సగం, పని రెండింతలు

ఆ షెడ్డు మెకానిక్ అన్న ముప్పై ఏళ్లుగా బుల్లెట్లు విప్పుతున్న మనిషి. కళ్లు మూసుకుని టాపెట్ సెట్ చేస్తాడు. వీ-ట్విన్ గురించి ఆయన మాట నాకు ఏ యూట్యూబ్ రివ్యూ కంటే నచ్చింది. "ఇది ఒక ఇంజన్ కాదబ్బా, రెండు ఇంజన్లు తెచ్చి ఒక పెట్టెలో ఇరికించినారు. పని రెండింతలు, చెయ్యి పెట్టే జాగా సగం."

అక్షరాలా నిజం. సిలిండర్లు పక్కపక్కన ఉండే ప్యారలల్ ట్విన్‌కి ఒక సిలిండర్ హెడ్, ఒక హెడ్ గ్యాస్కెట్ చాలు. వీ-ట్విన్‌కి రెండేసి. డబుల్ ఓవర్‌హెడ్ క్యామ్ అయితే మొత్తం నాలుగు క్యామ్ షాఫ్టులు. ముందు హెడ్ దగ్గరికి పోవాలంటే చాలా బండ్లలో రేడియేటర్ కదపాలి, వెనక హెడ్‌కి ట్యాంకు, ఎయిర్ బాక్స్ తీయాలి. స్పార్క్ ప్లగ్ మార్చడం కూడా ఒక పూట పని. సుజుకి వీ-స్ట్రామ్ 650కి వాల్వ్ క్లియరెన్స్ 24,000 కిలోమీటర్లకి చూడాలి. అందులో సరిచేయడమంటే స్క్రూ తిప్పడం కాదు, క్యామ్ షాఫ్ట్ తీసి సరైన మందం ఉన్న షిమ్ బిళ్ల పెట్టడం. హార్లే పెద్ద ఇంజన్లలో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉంటాయి కాబట్టి వాటికి ఈ బాధ లేదు, ఆ మెచ్చుకోలు వాళ్లకి ఇవ్వాల్సిందే.

ఇక్కడ చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. పాత బండ్ల అలవాటు కొద్దీ "టాపెట్ శబ్దం రావట్లేదు కాబట్టి వాల్వులు బాగున్నాయి" అనుకుంటాం. షిమ్ ఉన్న ఇంజన్లలో కాలం గడిచేకొద్దీ వాల్వ్ తన సీటులోకి అరిగి లోపలికి పోతుంది, గ్యాప్ పెరగదు, తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే శబ్దం రాదు సరికదా, ఇంజన్ ఇంకా నున్నగా వినిపిస్తుంది. కానీ వాల్వ్ పూర్తిగా మూసుకోదు, సీటుని తాకి చల్లబడే సమయం దొరకదు, చివరికి అంచు కాలిపోతుంది. ఎక్కువ వేడి తగిలే ఎగ్జాస్ట్ వాల్వులకి, అందులోనూ గాలి అందని వెనక సిలిండర్‌కి, ఈ ముప్పు ముందు. నిశ్శబ్దంగా ఉన్న వీ-ట్విన్‌ని చూసి మురిసిపోకండి, ఆ వాల్వులు చివరిసారి ఎప్పుడు కొలిచారో బిల్లు చూపించమనండి.

బిల్లు అంటే గుర్తొచ్చింది, దూరం. ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్లు. ఈ బండ్లకి సరైన స్కానర్, సరైన టూల్స్ ఉన్న వర్క్‌షాపు కావాలంటే హైదరాబాదో బెంగళూరో, ఎటు పోయినా మూడొందల కిలోమీటర్లు అటూ ఇటుగా. అంటే ఒక వాల్వ్ చెకప్‌కి బండిని వ్యాన్‌లో ఎక్కించే ఖర్చు, రెండు రోజుల లీవు. ఫోన్ పాడైతే కొరియర్ చేస్తాం. 230 కిలోల బండిని ఏం చేస్తాం?

ఆ వర్క్‌షాపు రేపు కూడా ఉంటుందన్న గ్యారంటీ లేదు. హ్యోసంగ్ అనే కొరియా కంపెనీ వీ-ట్విన్‌లని మన దేశంలో మొదట కైనెటిక్ అమ్మింది, తర్వాత గార్వారే, తర్వాత డీఎస్కే, మళ్లీ కైనెటిక్ వాళ్ల మోటోరాయల్. చేయి మారిన ప్రతిసారీ పాత ఓనర్లు పార్టుల కోసం వెతుక్కున్నారు. 2020 సెప్టెంబర్‌లో హార్లే మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది, తర్వాత హీరో మోటోకార్ప్‌తో చేతులు కలిపింది కాబట్టి బండ్లు పూర్తిగా అనాథలు కాలేదు. కానీ స్ట్రీట్ 750 తయారీ ఆగిపోయింది. మనవాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా ఎగబడేది దాని మీదే. 2023లో హార్లే, హీరో కలిసి తెచ్చిన ఎక్స్440లో ఉన్నది ఒక్కటే సిలిండర్, ఎయిర్-ఆయిల్ కూలింగ్. హార్లే పేరు కావాలి, వీ-ట్విన్ తలనొప్పి వద్దు అనేవాళ్లకి అది దారి. వీరాభిమానులు ఒప్పుకోరు, వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

మరి ఏం కొనాలి?

రెండు సిలిండర్ల ఫీల్ కావాలంటే, మా ఊరి లెక్కలో 270 డిగ్రీల క్రాంక్ ఉన్న ప్యారలల్ ట్విన్ మంచిది. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 ఇంజన్ అట్లాంటిదే. దాని పేలుళ్ల వరస సరిగ్గా 90 డిగ్రీల వీ-ట్విన్ వరసే, అందుకే కళ్లు మూసుకుని వింటే ఆ గురగుర చాలావరకు దొరుకుతుంది. రెండు సిలిండర్లూ పక్కపక్కన నిలబడి ముందు గాలిని సమానంగా పంచుకుంటాయి, వెనకోడు అంటూ ఎవడూ లేడు. వాల్వులు స్క్రూతో సెట్ చేసేవి, కాబట్టి మన బుల్లెట్ మెకానిక్ అన్నకి కూడా అర్థమయ్యే పని. ఎండలో అది మాత్రం కాలదా అంటే కాలుతుంది. వేడెక్కని ఇంజన్ లేదు. దాన్ని చల్లగా ఉంచడానికి మీరు చేయాల్సిన చాకిరీ తక్కువ, అంతే తేడా.

వీ-ట్విన్ ప్రేమికులు ఒక మాట అంటారు: బండి లెక్కలు చూసి కొనేది కాదు, గుండెతో కొనేది. సరే, ఒప్పుకుంటా. మా అన్న బండి అమ్మమంటే అమ్మడు, ఆదివారం పొద్దున్నే మంత్రాలయం దాకా పోయొచ్చి ఆ మొహంలో వెలుగు చూస్తే నేనూ అమ్మమని అనను. కానీ గుండెతో కొనేవాడు వారానికోసారి గొంతుకు కూర్చుని దూది తీయడానికి కూడా గుండె పెట్టాలి. ఆ రెండోది రివ్యూలు చెప్పవు.

రివ్యూలు చేసేవాళ్ల మీద నా కోపం కూడా అదే. ఫోన్ రివ్యూలో స్ట్రెస్ టెస్ట్ గ్రాఫ్ లేకపోతే చదివేవాళ్లు ఊరుకోరు. బైక్ రివ్యూ మాత్రం చలికాలంలో, ఘాట్ రోడ్డు మీద, పొద్దున ఆరింటికి షూట్ చేస్తారు, "కొంచెం హీట్ ఉంది, కానీ మేనేజబుల్" అనే ఒక్క వాక్యంతో ముగిస్తారు. ఎవరికి మేనేజబుల్? 40 డిగ్రీలు దాటిన రోజు, అరగంట పది కిలోమీటర్ల వేగంలో నడిపి, కూలెంట్ ఎంత, ఫ్యాన్ ఎన్నిసార్లు తిరిగింది, కుడి తొడ దగ్గర ఎంత వేడి అని మూడు నంబర్లు ఇస్తే చాలు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ధర ఒక ఫోన్ కవర్ ధర కంటే పెద్ద ఎక్కువేం కాదు.

ఆ నంబర్లు వచ్చేదాకా మీ టెస్ట్ మీరే చేసుకోవాలి. సెకండ్ హ్యాండ్ వీ-ట్విన్ చూడ్డానికి పోయేముందు అమ్మేవాడికి ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. అది వెచ్చగా ఉంటే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడంలో ఏదో దాస్తున్నాడని అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి రంగు చూడండి, తెల్ల పొర ఉందేమో చూడండి. మెకానిక్‌ని వెంట తీసుకెళ్లి రెండు సిలిండర్ల కంప్రెషన్ విడివిడిగా కొలిపించండి. వెనకది ముందుదాని కంటే బాగా తక్కువ ఉంటే ధర గురించి మాట్లాడటం కూడా అనవసరం. రెండు ప్లగ్గులూ విప్పించి పక్కపక్కన పెట్టి చూడండి. వెనక ప్లగ్ ముందుదాని కంటే మరీ తెల్లగా ఉంటే ఆ సిలిండర్ ఎక్కువ కాలుతోంది.

తర్వాత స్టార్ట్ చేయించి, మధ్యాహ్నం ఎండలో, స్టాండ్ వేసి అట్లే ఉంచండి. ఫ్యాన్ తిరగాలి, తిరిగాక గేజ్ దిగాలి, దిగాక ఫ్యాన్ ఆగాలి. ఇది మూడుసార్లు జరిగేదాకా టీ తాగుతూ కూర్చోండి. పది నిమిషాలకే "చాలు సార్, పెట్రోల్ వేస్ట్" అని అమ్మేవాడు కీ తీసేస్తే, టీ డబ్బులిచ్చి వచ్చేయండి.